తరుగుల్మ ధర్మ విచారము

ఒక్కటి చాలుననిపించు చోట సృష్టియందు పెక్కులు కలుగుట ఎందులకన్న ప్రశ్న మిక్కిలి పురాతనమైనది. ఒక జాతి చెట్టు నిటారుగను, శీఘ్రముగను, దృఢముగను పెరుగుచున్నదనుకొందము. అట్టి చెట్టుండగా, వంకరలు తిరుగుచు పెరుగు వేఱొక జాతియు, తాత నాటినది మనుమని కాలమునకు గాని మానుగా ఎదగని మఱొక జాతియు, ఎన్నేండ్లకును నడుమెత్తు దాటని తుప్పయు, ఆ తుప్ప నీడన మాత్రమే బ్రదుకు గడ్డిపోచయు నెందులకు? దీనికి మన ఉపనిషత్తులు చెప్పిన సమాధానము సుపరిచితమే: ఏకమై యున్న సద్వస్తువు తాను అనేకము కావలెనని సంకల్పించెను, ఆ సంకల్పమే జగద్రూపమున పరిణమించెను. పడమటి దేశమున పదమూడవ శతాబ్దమున తామస్ అక్వినాస్ అను క్రైస్తవ తత్త్వవేత్తయు ఇదే ప్రశ్నను వేసికొని, ఈశ్వరుని మంచితనమును ఏ యొక్క సృష్టియు సంపూర్ణముగా ప్రతిఫలింపజాలదు గనుక, ఒకదానియందలి కొఱతను మఱొకటి పూరించునట్లుగా ఆయన పెక్కింటిని సృజించెనని తీర్మానించెను.

ఈ సమాధానములు రెండును స్రష్ట పక్షమున నిలిచి చెప్పినవి. సృష్టమైన దాని పక్షమున నిలిచి చూచినచో ప్రశ్న రూపమే మాఱిపోవును. మొలచి మూడేండ్లయినను కాని ఒక లేతచెట్టునకు, తన ప్రక్కన నిలిచినది ఈశ్వర వైభవమునకు ప్రతిబింబమన్న మాట ఊరట గూర్పజాలదు. ఆ ప్రక్కది తాను త్రాగవలసిన నీటిని త్రాగుచున్నది; తనకు చెందవలసిన వెలుతురును ముందుగా అందుకొనుచున్నది; తాను వేళ్ళు చాచవలసిన మట్టిలో తన వేళ్ళు చాచుచున్నది. కనుక అసలు విచారణీయమైన విషయము వేఱు. పొరుగువాడు భాగస్థుడా, ప్రతిస్పర్ధియా? ఆ పొరుగువాడు సాటివాడైనపుడు చెల్లు న్యాయము, చిన్నవాడైనపుడును చెల్లునా? పెద్దచెట్టున కెట్టి ఉపకారమును చేయని పొదకు అడవియందు చోటుండుట ధర్మమా, దయయా, కాక మన అలక్ష్యమా? మనుష్యులను గూర్చి ధర్మశాస్త్రములు ఎంతయో వ్రాసినవి. చెట్లు తమ న్యాయమును వ్రాసికొనలేదు. అయినను ఈ శతాబ్దపు మొదటి దశకము ముగియు వేళ, చీనా దేశమున ఒక కొండవాలుపై, ఆ న్యాయమును చెట్లచేతనే చెప్పించుటకు గొప్ప ప్రయత్నమొకటి జరిగినది.

యాంగ్‌ట్సీ నదికి దక్షిణమున జియాంగ్సీ రాష్ట్రము కలదు. 1998లో ఆ మహానదికి వచ్చిన వరదలు వేలకొలది ప్రాణములను బలిగొనగా, కొండలపై అడవులు నశించుట ఆ విపత్తునకొక ముఖ్యకారణమని చీనా ప్రభుత్వము గుర్తించి, సహజారణ్యములందు కలప కొట్టుటను నిషేధించి, వాలునేలలయందు తిరిగి చెట్లు నాటించు మహాకార్యమునకు పూనుకొన్నది. నాటిన విస్తీర్ణము అపారము. నాటిన జాతులు మాత్రము మిక్కిలి స్వల్పము. చాలచోట్ల కనుచూపు మేర ఒకే చెట్టు, ఒకే యీడు, ఒకే యెడము. దీనిని తప్పుపట్టుట సులభమే కాని, ఆ నాటినవారి తర్కమును గూడ గ్రహింపవలయును. ఒక్కజాతి తోటయందు మొక్క చవుకగా దొరకును. పని ఒక్కసారి నేర్చికొనిన చాలును. కోతకు వచ్చునపుడు మానులన్నియు ఒక్క కొలతతో నుండును. లెక్క వ్రాయు ఉద్యోగికి ఒక్క పంక్తి సరిపోవును. ఉత్తమమైనది ఏదో తెలిసిన పిమ్మట దానినే ఎల్లెడలను నింపుట వివేకమని అనుకొనుట మనుష్య స్వభావమునకు సహజమైన విషయము.

సరిగా అట్టి తోటనే కొట్టివేసిన కొండలపై, షిన్‌గాంగ్‌షాన్ అను చోట, చీనా, జర్మనీ, స్విట్జర్లాండు దేశముల శాస్త్రజ్ఞులు కలసి 2009, 2010 సంవత్సరములలో లక్షన్నరకు పైగా మొక్కలను నాటించిరి. నేలను 'మూ' అను చీనా కొలతను బట్టి మళ్ళుగా విభజించిరి. మూ యనగా హెక్టారులో 15వ వంతు. భుజము 26 మీటర్లకించుక తక్కువగా నున్న ప్రతి చతురస్రమునందును వరుసకు 20 వంతున 20 వరుసలు, వెరసి 400 మొక్కలు. ఒక మడియందు నాలుగువందలును ఒకే జాతివి. వేఱొక మడియందు 2 జాతులు. ఇంకొకదానియందు 4, మఱొకదానియందు 8, అటుపైని 16. జాతులన్నియు ఆ కొండసీమలకు సహజములైనవే. వానిలో మన కుంకుడునకు జ్ఞాతియైన చెట్టును, కర్పూరవృక్షమును గలవు. ఏ జాతి అంతరించినచో అడవి ఏమగునో తెలియుటకై, జాతులను వరుసగా తొలగించుచు, తొలగించు క్రమమును గూడ పలువిధముల మార్చుచు మళ్ళను కూర్చిరి. నాటిన తరువాత ఏటేట మడి నడుమనున్న చెట్లను మాత్రమే కొలిచిరి. ఏలయన అంచున నిలిచిన చెట్టు ప్రక్కమడి ప్రభావమునకు లోబడి, తన మడిని గూర్చి నిజము చెప్పజాలదు. నేలకు 5 సెంటీమీటర్ల ఎత్తున కాండమునకు కొలకఱ్ఱ తగిలించి దాని లావును, కొననుండి నేలవఱకు పొడవును వ్రాసికొనిరి. వేలకొలది చెట్లకు, కొండవాలున కాలు నిలువని చోట, ఈ పనిని సంవత్సరములపాటు చేయుట తపస్సువంటిదే.

చెట్లతో వారు తృప్తి చెందలేదు. కొన్ని మళ్ళయందు నాలుగేసి చెట్ల నడుమ నొక్కొక్క పొదజాతి మొక్కను గూడ నాటించిరి. ఆ పొదలనుగూడ 2, 4, 8 జాతులుగా హెచ్చించుచు పోయిరి. సహజారణ్యమున చెట్టు ఎన్నడును ఒంటరిగా పెరుగదు గదా. దాని మొదట తుప్పలును, తుప్పల మొదట గడ్డియు నుండుట ప్రకృతి. ఇచట తత్త్వజిజ్ఞాసువు గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ మళ్ళయందు పిలువకయే మొలచిన కలుపును మొదటి యేండ్లలో కూలీలచేత పెఱికించిరి. బహుత్వమును పరీక్షింపవచ్చినవారు సైతము, ఏ బహుత్వమును పరీక్షింపవలయునో తామే నిర్ణయించుకొని, తక్కినదానిని తొలగింపవలసి వచ్చెను. నే నిది దోషమని చెప్పుటలేదు. హద్దు లేనిదే ప్రయోగము లేదు. కాని ఎంతటి విశాలహృదయుని తోటయందైనను పిలువబడిన తుప్పయు, పిలువబడని తుప్పయు ననుభేదము తప్పదని యిది తెలుపుచున్నది. ఆ భేదము మొక్కయందున్నదా, పిలిచినవానియందున్నదా యన్నది ముందు విచారింతము.

ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట తేలిన ఫలితమును 2018లో 'సైన్స్' పత్రికయందు ప్రకటించిరి. 16 జాతులు కలసి పెరిగిన మళ్ళు, ఒక్కజాతి మళ్ళ సగటుతో పోల్చిచూడగా, రెండింతలకు మించిన కర్బనమును తమ మేనుల యందు నిలువచేసికొన్నవి. ఈ భేదము మొదటి దినముననే కానవచ్చినది కాదు. ఏటికేడాది హెచ్చుచు వచ్చినది. అనగా కలసి మెలగుటవలన కలుగు ఫలము కాలమును కోరును. మొలకల నాడు, ఒకరి కొమ్మ ఒకరికి తగులని నాడు, పొరుగువాడు ఎవడైనను ఒక్కటియే. కొమ్మలు కలిసి, వేళ్ళు పెనవైచుకొని, నీడ చిక్కబడిన పిమ్మటనే ఎవడు ఎవనికేమగునో తేలును. పెండ్లినాడే దాంపత్యమును గూర్చి తీర్పు చెప్పువాడును, నాటిన ఏటనే తోటను గూర్చి తీర్పు చెప్పువాడును సమానులే.

దీనికి కారణమేమి? భిన్నజాతుల చెట్లు భిన్నములైన అక్కఱలతో జీవించును. ఒకటి శిఖరమున వెలుతురును గోరును. వేఱొకటి దాని క్రింద చిక్కిన పలుచని వెలుతురుతో తృప్తి చెందును. ఒకదాని వేళ్ళు లోతునకు దిగును. మఱొకదాని వేళ్ళు పైమట్టిలోనే ప్రాకును. ఒకదాని వేళ్ళను ఆశ్రయించు శిలీంధ్రము ఒక జాతిది, ప్రక్కదాని శిలీంధ్రము ఇంకొక జాతిది. ఒక్కజాతి తోటయందో, నాలుగువందల చెట్లును ఒకే లోతున, ఒకే వేళయందు, ఒకే వస్తువునకై చేయి చాచును. కలహమునకు మూలము భేదమని మన మనుకొందుము. అడవియందు కలహమునకు మూలము సామ్యము. అయితే ఈ లాభము అందఱికిని ఒకే త్రోవను వచ్చుటలేదు. అదే క్షేత్రమున ఒక్కొక్క చెట్టును, దాని చుట్టునున్న పొరుగువారిని పరిశీలించినవారు తెలిసికొన్న సంగతి మిక్కిలి మనోజ్ఞమైనది. ఉన్నదానిని పొదుపుగా వాడుకొనుచు నెమ్మదిగా పెరుగు జాతులకు భిన్నజాతి పొరుగువలన నిజముగనే సాయము కలుగుచున్నది. దొరికినదానినెల్ల జుఱ్ఱుకొని వడిగా పెరుగు జాతులకు మాత్రము కలుగు మేలు సాయము కాదు, పోటీ తగ్గుట మాత్రమే. మఱియు పోటీ తీవ్రముగా నున్నచోట నెమ్మదస్థులును, పోటీ పలుచగా నున్నచోట వడిగలవారును ఎక్కువ మేలు పొందుచున్నారు. ఒకే సహవాసమున ఒకడు చేయూతను, ఒకడు తెఱపిని పొందుచున్నాడు.

ఇంతవఱకు విన్న పాఠకుడు సంతోషించి, అడవియంతయు నొక ఋష్యాశ్రమమని, అందు సర్వజీవులును పరస్పర ప్రేమతో మెలగుచున్నవని తీర్మానించుటకు సిద్ధపడును. అట్టివాని త్వరను ఆపుటకు మూడు విషయములు చెప్పవలసియున్నవి. మొదటిది: జాతులు హెచ్చిన మళ్ళయందు ఆకులను పురుగులు తినుట తగ్గలేదు, హెచ్చినది, వైవిధ్యము శత్రువులను పారద్రోలునన్న సామాన్య విశ్వాసమునకు ఇది విరుద్ధము. ఆ నష్టమును భరించియే ఆ చెట్లు అధికముగా పెరిగినవి. రెండవది: పోలిక ఒక్కజాతి మళ్ళ సగటుతోనే గాని, వానిలో ఉత్తమమైనవానితో కాదు. వర్తకులు ఏరికోరి నాటు రెండు జాతులు, చైనా ఫర్ అను చెట్టును, మాసన్ పైన్ అను సరళవృక్షమును, ఒంటరిగా పెరిగియు, 16 జాతుల మళ్ళతో దాదాపు సమానమైన కర్బనమును కూడబెట్టినవి. మూడవది, నా విచారమునకు ముఖ్యమైనది: పొదలను చేర్చినచోట చెట్ల పెరుగుదల తగ్గినది.

ఈ మూడవ విషయమునొద్ద కొంత నిలువవలయును. నాలుగు లేతచెట్లు నాలుగు మూలల నుండగా వాని నడుమ నొక పొద నాటబడినది. నిలువున పోవుటకు దానికి శక్తిలేదు. అడ్డముగా విస్తరించి, పైమట్టి తేమను పీల్చి, తన ఆకుల నీడను ఆ నలుగురి కాళ్ళపై పఱచినది. ఆ నలుగురును, పొద లేని మడియందలి తమ సోదరులకంటె సన్నముగా పెరిగిరి. పొద చెట్టునకు ఖర్చు. ఈ సత్యమును ఏ వేదాంతమును కప్పిపుచ్చగూడదు. అయితే అదే ప్రయోగమున ఇంకొక సంగతియు తేలినది. పొదలయందు జాతులు కొద్దిగా నున్నచోట ఆ ఖర్చు అధికము. పొదలయందు జాతుల సంఖ్య హెచ్చినకొలది ఆ ఖర్చు తగ్గినది. బరువు పూర్తిగా పోలేదు, లఘువైనది. మోయవలసినదే కాని, మోయదగినదైనది. ప్రకృతి చెప్పిన తీర్పు ఇంతియే: పొరుగువాడు నీనుండి కొంత పుచ్చుకొనును, పొరుగువారు పలురకములవారైనచో తక్కువ పుచ్చుకొందురు. ఇందు ప్రేమయు లేదు, ద్వేషమును లేదు, ఒక న్యాయమున్నది.

గడచిన రెండు శతాబ్దముల తత్త్వచింతనయందు అడవిని రెండు పక్షములవారు తమ తమ సాక్షిగా పిలిచియున్నారు. బ్రదుకు పోరాటమున సమర్థుడే నిలుచునని స్పెన్సరు మున్నగువారు. జీవులు పరస్పర సాహాయ్యముననే నిలుచునని 1902లో గ్రంథము వెలువరించిన క్రొపోట్కిన్. ఇరువురును సగము సత్యమును పూర్ణసత్యముగా ప్రకటించిరి. డార్విను మాత్రము ఈ విషయమున వారికంటె జాగరూకుడు. ఒక నేలయందు ఒకే జాతి గడ్డిని చల్లినదానికంటె పలు జాతులను చల్లినపుడు ఎక్కువ మొక్కలును, ఎక్కువ మేతయు లభించునని 1859లోనే తన గ్రంథమున పేర్కొని, దానికి కారణము జీవుల రీతులయందలి భేదమేనని గుర్తించెను. పోటీ యున్నది, ఆ పోటీయే జీవులను భిన్నమార్గములకు త్రోయుచున్నది, భిన్నమార్గములు పట్టిన పిమ్మట పోటీ సడలుచున్నది. వైరమునుండి వైవిధ్యమును, వైవిధ్యమునుండి ఉపశమమును పుట్టుచున్నవి.

చీనా దేశపు పూర్వులు ఈ సంగతిని వేఱొక మార్గమున ఎఱిగియుండిరి. సామరస్యము వేఱు, ఏకాకారత వేఱు అని కన్ఫ్యూషియస్ శిష్యులకు బోధించెను. అతని కాలమువాడే యైన యాన్‌జీ అను మంత్రి, తన మాటకెల్ల తలయూపు కొలువుకాని మెచ్చుకొనుచున్న రాజుతో, నీటిలో నీరు పోసి కాచిన దానిని ఎవడును త్రాగడనియు, పులుసునకు ఉప్పు, పులుపు, నిప్పు మున్నగు పరస్పర విరుద్ధములు కావలయుననియు తెలిపినట్లు వారి పురాతన చరిత్రగ్రంథమొకటి చెప్పుచున్నది. పదునొకండవ శతాబ్దపు జౌ దున్‌యీ అను జ్ఞాని, జియాంగ్సీలోని లూషాన్ పర్వత పాదమున తన చివరి దినములు గడపినవాడు, కిటికీ ముందు పెరిగిన గడ్డిని తీయనిచ్చువాడు కాడట. కారణమడుగగా, దాని చైతన్యమును తన చైతన్యమును ఒక్కటియే యన్న భావమును వెలిబుచ్చెనట. షిన్‌గాంగ్‌షాన్‌నకు పొరుగుననున్న ఊయ్వాన్ సీమ పూర్వికులుగా గల జూ షీ, పన్నెండవ శతాబ్దమున, తత్త్వమొక్కటియే యైనను దాని ఆవిర్భావములు పలువిధములని బోధించి, ఏకత్వమును బహుత్వమును రెండింటిని నిలువబెట్టెను. అద్వైతమును, దాని ప్రతిపక్షములను ఎఱిగిన మనకు ఈ వాదము పరాయిది కాదు.

వీరందఱికంటెను మన ప్రశ్నకు చేరువగా వచ్చినవాడు వాంగ్ యాంగ్‌మింగ్. ఆయన దక్షిణ జియాంగ్సీకి పాలకుడై, దొంగలను అణచుచు, శిష్యులకు బోధించుచు గడపిన కాలమున, 1518లో, ఆయన సంభాషణలను షూయె కాన్ అను శిష్యుడు గాన్‌జౌ నగరమున ముద్రింపించెను. అందొక ఘట్టము కలదు. షూయె కాన్ పూలమొక్కల నడుమ కలుపు తీయుచు, లోకమున మంచిని పెంచుట, చెడును తొలగించుట ఇంత దుష్కరమేలనని నిట్టూర్చెను. గురువు ఆ నిట్టూర్పునే పట్టుకొనెను. ద్యావాపృథివుల జీవనేచ్ఛకు పువ్వనియు గడ్డియనియు భేదము లేదనియు, నీవు పూలను చూడగోరితివి గనుక గడ్డి చెడ్డదైనదనియు, నీకు గడ్డితో పనిబడినచో అదియే మంచిదగుననియు చెప్పెను. అట్లయిన కలుపు తీయనక్కఱలేదా యని శిష్యుడడిగెను. తీయనక్కఱలేదనుట ఉదాసీనుల మాట, అడ్డమైనచో తీయుటలో తప్పేమున్నదని గురువు పలికెను. తీయుము, కాని దానిని చెడ్డదని తిట్టుచు తీయకుము, తీయగా మిగిలినచో మనస్సును కలత పెట్టుకొనకుము. ఇదియే ఆయన ఉపదేశ సారము. జౌ దున్‌యీ దయ నిరుపాధికమైనది, కాని తోటమాలికి అది చాలదు. వాంగ్ యాంగ్‌మింగ్ వివేకము తోటమాలి చేతికి కొడవలినిచ్చి, అతని నోటినుండి తీర్పును మాత్రము తీసికొన్నది. ఐదువందల యేండ్ల పిమ్మట అదే రాష్ట్రపు కొండపై కొలకఱ్ఱలు చెప్పిన మాట దీనికి విరుద్ధముగా లేదు: పొద చెట్టునకు అడ్డమగుట నిజము, పొద చెడ్డదగుట అబద్ధము.

మన దేశమునను ఈ జ్ఞానము లేకపోలేదు. తక్షశిలలో వైద్యమభ్యసించిన జీవకుని గురువు పరీక్షింపగోరి, నగరమునకు యోజనము పర్యంతము తిరిగి ఔషధము కాని మొక్కను తెమ్మనగా, అతడు తిరిగి తిరిగి వట్టిచేతులతో వచ్చెనని బౌద్ధ వినయగ్రంథములు చెప్పుచున్నవి. ఆ వట్టిచేతులే అతని విద్యకు ముగింపు. తెలుగునాట వినాయక చవితినాడు పళ్ళెరమున చేర్చు 21 పత్రులను ఒకమాఱు శ్రద్ధగా చూడుడు. మారేడు, మద్ది, రావి, జమ్మి అను మహావృక్షముల ఆకులు. వావిలి, జిల్లేడు, ఉమ్మెత్త, వాకుడు అను పొదల ఆకులు. గరిక, ఉత్తరేణి, విష్ణుక్రాంతము అను నేలబారు మొక్కలు. అడవి మూడంతస్తులును ఆ పళ్ళెరమున సమానముగా నిలుచును. అందును, మూడువందల అరువదినాలుగు దినములు రైతు గునపముతో త్రవ్వి గట్టుమీద పారవైచు గరికయే గణపతికి ప్రియతమమట. చవితి మఱునాడు ఆ రైతే పొలమునకు బోయి ఆ గరికనే త్రవ్వును. దీనిని కపటమనువారు వాంగ్ యాంగ్‌మింగ్‌ను అర్థము చేసికొనలేదు. పూజించుటయు, పెఱుకుటయు ఒకే మనస్సునందు ఇముడగలవు, ఇమడరానిది తిరస్కారము.

ఇచట ఒక అపాయమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. అడవికి మూడంతస్తులు గలవని వినగనే, మనుష్య సమాజమునకును అట్టి అంతస్తులు ప్రకృతిసిద్ధములేనని, పైవాడు పైన, క్రిందివాడు క్రింద నుండుటయే ధర్మమని వాదించుటకు మన దేశమున సిద్ధముగా నున్నవారు కొఱతపడరు. ఉన్నదానినుండి ఉండవలసినదానిని పుట్టింపరాదని పదునెనిమిదవ శతాబ్దమున హ్యూము చేసిన హెచ్చరిక వారికి చాలును. కాని లేత అడవియే వారికి ఇంకను సూటియైన ప్రత్యుత్తర మిచ్చుచున్నది. నాటిన నాడు చెట్టునకును పొదకును ఎత్తున భేదము లేదు; కొన్ని చోట్ల పొదయే ముందు ఎదుగును. నేడు ఆకాశమును తాకు మాను ఒకనాడు తుప్పల నీడన తలదాచుకొనిన మొలకయే. పెద్దచెట్టు కూలినచోట తెఱపి ఏర్పడి, అణగియున్న వేఱొకటి లేచును. అంతస్తు వయస్సుతోడను, వెలుతురుతోడను మాఱునదే గాని, పుట్టుకతో ముద్రవేయబడినది కాదు. మఱియు పొద చెట్టునకు సేవకురాలు కాదు. దాని పనులు దానివి, దాని పువ్వును వెదకికొనివచ్చు తేనెటీగ దానిది.

ఇక మిగిలినది కఠినతరమైన ఆక్షేపము. రెండు వర్తకజాతులు ఒంటరిగనే 16 జాతులకు సాటివచ్చినవని చెప్పితిని. అట్లయినచో కర్బనము తూకమే కొలమానముగా గలవానికి వైవిధ్యమేల? పొద చెట్టు ఎదుగుదలను తగ్గించునని తేలినపుడు, కలప తూకమే కొలమానముగా గలవానికి పొదయేల? ఉపయోగవాదులు వెంటనే సమాధానమిత్తురు: ఒక్కజాతి తోటకు ఒక్క తెగులు చాలును, ఒక్క కఱవు చాలును, పలుజాతులున్నచో కొన్నియైనను నిలుచును. ఈ మాట యుక్తమైనదే. ఆ ప్రయోగము చేసిన శాస్త్రజ్ఞులును తమ ఫలితములను బట్టి బహుజాతి వనములనే నాటుడని ప్రోత్సహించిరి. అయినను ధర్మవిచారమును ఈ యొక్క స్తంభముపైనే నిలుపుట నాకు సమ్మతము కాదు. రేపు ఎవడైనను తెగులు సోకని, కఱవునకు చావని ఒక్క చెట్టును పుట్టించినచో, ఆ నాడు తక్కిన జాతులన్నిటికిని జీవించు హక్కు పోవునా? పోవునని చెప్పుటకు ఏ ఉపయోగవాదియు సాహసింపడనుకొందును. సాహసింపనిచో, ఉపయోగమునకు పూర్వమే వేఱొకటి ఆ జాతులకు ఆధారముగా నున్నదని అతడు ఒప్పుకొన్నట్లే.

ఆ ఆధారమేమన్నచో, ఒక్కొక్క జాతియు జీవించుటకొక వేఱు మార్గమును కనుగొన్నది. ఇంత నీటితో, ఇంత వెలుతురుతో, ఇట్టి మట్టిలో బ్రదుకవచ్చునని తన దేహముతో నిరూపించినది. ఆ మార్గము మనకు లాభము చేకూర్చునా లేదా యన్నది తరువాతి మాట. అది యున్నదనుటయే మొదటి మాట. కొలకఱ్ఱ కాండపు లావును చెప్పును, తూకము కర్బనమును చెప్పును. ఏది యుండదగునో ఏది యుండదగదో చెప్పు అధికారము వానికి లేదు. శాస్త్రము మనకిచ్చిన గొప్ప సాయము వైవిధ్యము ఎల్లప్పుడును లాభమేనని చెప్పుట కాదు. అది ఎచట లాభమో, ఎచట నష్టమో, ఆ నష్టము ఎట్లు తగ్గునో దాపఱికము లేక చెప్పుటయే ఆ సాయము. నష్టమును తెలిసియు చోటిచ్చుట ధర్మము. లాభమున్నంతవఱకే చోటిచ్చుట వ్యాపారము. వ్యాపారము నింద్యము కాదు కాని, దానికి ధర్మమని పేరు పెట్టరాదు.

తెలుగునేలపై నేడు జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు ఎకరములకొలది వ్యాపించియున్నవి; అవి రైతునకు కూడు పెట్టుచున్నవి గనుక వానిని నిందింపను. కాని అడవి పేరిట, హరితము పేరిట, ధర్మము పేరిట మొక్కలు నాటు ప్రతివారికిని నా విన్నప మిది. ఒక్క గుంటకొక్క జాతిగా గాక, పలుజాతులను కలిపి నాటుడు. నాటిన ఏటనే ఫలితమును అడుగక ఎనిమిదేండ్లు ఓపిక పట్టుడు. మొక్కల నడుమ తుప్ప మొలచినచో, అది నిజముగా అడ్డమో కాదో ముందు చూడుడు. అడ్డము కాకున్న ఉండనిండు. అడ్డమైనచో పెఱికివేయుడు, పెఱుకుచున్నది మీ అక్కఱకై యని ఒప్పుకొనుడు, తుప్పపై నేరము మోపకుడు.